నాస్కార్ ప్లేఆఫ్ పద్ధతి: రేసు ఒకరిది, టైటిల్ మరొకరిది ఎలా అవుతుంది?

ప్రశ్న (షార్లెట్ నివాసి):

ఉద్యోగరీత్యా అమెరికాలోని షార్లెట్‌కు వచ్చి రెండేళ్లయింది. నాస్కార్ (అమెరికా కార్ల రేసులు నడిపే సంస్థ) జట్లలో చాలావాటి వర్క్‌షాపులు ఈ చుట్టుపక్కలే ఉండడంతో సోమవారం ఉదయం ఆఫీసులో ఎవరిని కదిపినా ఆదివారం నాటి రేసు గురించే మాట్లాడతారు, అందుకని నేనూ చూడడం మొదలుపెట్టాను. అయితే 2025 నవంబరులో ఫీనిక్స్‌లో జరిగిన కప్ సిరీస్ (నాస్కార్ అగ్రశ్రేణి పోటీ) ఆఖరి రేసు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. డెన్నీ హామ్లిన్ 208 ల్యాప్‌లు ముందున్నాడు, రేసును ర్యాన్ బ్లేనీ గెలిచాడు, కానీ ఒక్క ల్యాప్‌లోనూ ముందు లేని కైల్ లార్సన్ ఛాంపియన్ అయ్యాడు. ఐపీఎల్ ప్లేఆఫ్‌లలో ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది, ఇక్కడ పోటీలో లేనివాళ్లు కూడా ట్రాక్ మీదే ఉన్నారు. ఈ పద్ధతిని తెలిసినవారు మొదటినుంచి వివరించగలరా?

జవాబు 1:

మీ సందేహంలోనే అసలు కీలకం ఉంది. ఈ ఆటలో వారం వారం ముప్పయికి పైగా కార్లు ఒకే ట్రాక్ మీద పరుగెత్తుతాయి కాబట్టి, టైటిల్ పోటీ నుంచి తప్పుకున్న డ్రైవర్ కూడా ఆఖరి రేసు దాకా పాల్గొంటాడు, గెలవవచ్చు కూడా. బ్లేనీ చేసింది అదే.

ప్లేఆఫ్‌లు రావడానికి కారణం 2003 సీజన్. ఆ ఏడాది మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచినా నిలకడగా పాయింట్లు కూడబెట్టి, ఆఖరి రేసుకు ముందే టైటిల్ ఖాయం చేసుకున్నాడు. ఎనిమిది రేసులు గెలిచిన ర్యాన్ న్యూమన్‌కు దక్కింది ఆరో స్థానం. దాంతో 2004లో 'చేజ్' వచ్చింది: 26 రేసుల తరువాత ముందున్న డ్రైవర్ల పాయింట్లను దగ్గరకు చేర్చి, మిగిలిన 10 రేసులలో తేల్చుకోమన్నారు.

మీరు చూసినది 2014లో మొదలైన ఎలిమినేషన్ పద్ధతి. పదహారు మందితో మొదలై, ప్రతి మూడు రేసులకూ నలుగురు చొప్పున తప్పుకుంటూ, చివరకు నలుగురు మిగులుతారు. రౌండ్‌లో ఒక్క రేసు గెలిచిన ప్లేఆఫ్ డ్రైవర్ పాయింట్లతో పని లేకుండా తరువాతి రౌండ్‌కు వెళ్తాడు. ఆఖరి రేసులో ఆ నలుగురిలో ఎవరు ముందుగా గీత దాటితే వారే ఛాంపియన్. లార్సన్ మూడో స్థానంలో, హామ్లిన్ ఆరో స్థానంలో ముగించారు. బ్లేనీ ఆ నలుగురిలో లేడు.

జవాబు 2:

పై వివరణ సరైనదే, కానీ హామ్లిన్‌కు ఆ రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి. మరో మూడు ల్యాప్‌లు పూర్తయితే టైటిల్ అతనిదే అనగా విలియం బైరన్ కారు టైరు పోయి గోడకు తగిలింది, కార్లన్నీ నెమ్మదించి ఒకదాని వెనుక ఒకటి చేరాలని చెప్పే పసుపు జెండా లేచింది. ముందున్న కార్లు పిట్‌లోకి (టైర్లు మార్చే చోటుకు) వచ్చాయి. హామ్లిన్ జట్టు నాలుగు టైర్లూ మార్చింది, లార్సన్ జట్టు రెండే మార్చి అతన్ని ముందుగా బయటకు పంపింది. రేసు తిరిగి మొదలయ్యాక జరిగిన రెండు ల్యాప్‌లలో ఆ తేడా పూడలేదు. 36 రేసుల కష్టాన్ని పిట్‌లోని కొన్ని క్షణాలు తేల్చడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. 2020లో అందరికంటే ఎక్కువగా తొమ్మిది రేసులు గెలిచిన కెవిన్ హార్విక్ ఆఖరి నలుగురిలోకే రాలేకపోయాడు.

జవాబు 3:

న్యాయం సంగతిలో మీతో ఏకీభవిస్తాను, కానీ ఆ ఎలిమినేషన్ కత్తి మెడ మీద లేకపోతే 2022 అక్టోబరులో మార్టిన్స్‌విల్‌లో మేము చూసినది జరిగేదే కాదు. అర మైలుకు కాస్త పైబడిన చిన్న ట్రాక్ అది, మలుపుల్లో అందరూ బ్రేకు తొక్కి తీరాలి. ఫైనల్ చేరాలంటే ఆఖరి ల్యాప్‌లో ఇంకో రెండు స్థానాలు కావలసి వచ్చిన రాస్ చాస్టేన్ ఐదో గేరు వేసి, కారు కుడి పక్కను బయటి గోడకు ఆనించి, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా ఆ గోడ ఆసరాతోనే మలుపంతా తిరిగాడు. పదో స్థానం నుంచి ఐదో స్థానానికి వచ్చి గీత దాటాడు. ఆ ఒక్క మలుపుతో ఫైనల్‌కు దూరమైనది హామ్లినే. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో చేసిన పనే ఇదని చాస్టేన్ తరువాత చెప్పాడు. ప్రమాదకరమని నాస్కార్ 2023 నుంచి దీనికి అడ్డుకట్ట వేసింది. 2024లో అదే ట్రాక్ మీద గోడకు ఆనుకుని వెళ్లిన క్రిస్టఫర్ బెల్‌కు శిక్ష పడి ఫైనల్ చోటు పోయింది.

షార్లెట్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. మరి 2026లోనూ ఇదే పద్ధతా?

జవాబు 1:

కాదండీ. ఎలిమినేషన్‌లను పూర్తిగా తీసేసి, 'చేజ్'ను తిరిగి తెచ్చారు. 26 రేసుల తరువాత పాయింట్లలో ముందున్న పదహారు మంది మిగిలిన 10 రేసులలో పోటీపడతారు, ఒక్క గెలుపుతో నేరుగా చోటు దక్కే వెసులుబాటు ఇక లేదు. గెలుపు విలువ తగ్గకుండా విజేతకు ఇచ్చే పాయింట్లను 40 నుంచి 55కు పెంచారు. మొదటి స్థానంలో ఉన్నవాడు 2,100 పాయింట్లతో, రెండోవాడు 2,075తో మొదలుపెడతారు, అంటే 26 వారాల శ్రమకు 25 పాయింట్ల ఆధిక్యం చేతికి వస్తుంది. నాకు ఇది నచ్చింది. ఒక పసుపు జెండా వల్ల నష్టపోయిన డ్రైవర్‌కు కోలుకోవడానికి మరో వారం ఉంటుంది, ఆ గండం ఆఖరి రేసులోనే వస్తే తప్ప.