‘వై’ (vie) అంటే పోటీ పడటం. మరి అసూయతో దీనికి చుట్టరికం ఉందా?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు పేపర్లో టైటిల్ కోసం పది జట్లు ‘వైయింగ్’ అని చూసి అర్థం అడిగింది. పోటీ పడుతున్నాయని చెప్పి ఊరుకోక, ‘ఎన్వీ’ లోంచి పుట్టిందమ్మా, అసూయ లేనిదే పోటీ ఎక్కడిది అని ఓ కథ కూడా అల్లాను. తర్వాత డౌటొచ్చింది, కరెక్టేనా అండీ? అసలు మాటలో ఐ, ఈ ఉంటే ‘ఇంగ్’ చేరగానే వై అక్షరం ఎలా వచ్చింది?

— స్పెల్లింగు సంగతి తేలికే. డై, లై, టై కూడా అంతే, ‘ఇంగ్’ తగిలితే ఐ, ఈ పోయి వై వస్తుంది. (తెలుగులో రాస్తే ఆ అక్షరమూ, ఎందుకు అనే మాటా, ఈ క్రియా మూడూ ‘వై’లే, ఏం చేస్తాం!) అసూయ కథ మాత్రం తప్పండీ. ఎన్వీ లాటిన్ ‘ఇన్విడియా’ నుంచి వచ్చింది, ఈ ‘వై’ ఏమో ‘ఇన్విటారే’ నుంచి, అంటే మన పెళ్లి పిలుపుల ‘ఇన్వైట్’కి సొంత చెల్లెలు. పాత ఫ్రెంచిలో ‘ఎన్వియర్’ అంటే పిలవడం, సవాలు చేయడం, జూదంలో పందెం పెంచడం కూడా. ముందు అక్షరాలు రాలిపోయి ఇంగ్లీషులో ‘వై’ మిగిలింది, 16వ శతాబ్దంలో పేకాటలో పందెం కాయడానికి ఇదే మాట. పిలుపుకీ పందేనికీ ఏం సంబంధం అనుకోకండి, మనకీ ‘రా’ అంటే భోజనానికి పిలుపే, అదే ‘రా, చూసుకుందాం’ అంటే వేరే లెక్క.

— నాకైతే వేలంలో ‘పాట పెంచడం’ గుర్తొచ్చింది. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి! ఒకడు పాడితే రెండోవాడు ఊరుకోడు కదా.

— అదే అసలు అర్థం. వాడుకలో ‘ఫర్’ తర్వాత దక్కాల్సింది, ‘విత్’ తర్వాత ఎదుటివాడు వస్తారు. మాటల్లో ఎవరూ పెద్దగా అనరు, హెడ్డింగులో చోటు చాలక పేపరువాళ్లు వాడతారు, మూడక్షరాల్లో పనైపోతుందిగా. మామూలుగా మాట్లాడేటప్పుడు ‘కంపీట్’ అనండి చాలు.

— మరి ‘రైవల్’?

— అది ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో ‘రీవస్’ అంటే వాగు, ‘రివాలిస్’ అంటే ఒకే వాగు నీళ్లు వాడుకునేవాడు. కాలువ చివర పొలం ఉండి, రాత్రిపూట టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకున్నవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.