‘లాంథనైడ్ సంకోచం’ అనాలా, ‘కుదింపు’ అనాలా?

ప్రశ్న (బరంపురం నుంచి): మాస్టారూ, నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే తెలుగు పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషుల్లో చదువుతారు. కెమిస్ట్రీ మాత్రం నేను తెలుగులో చెబుతాను. ‘లాంథనైడ్ సంకోచం’ అనగానే, ‘సంకోచం అంటే మొహమాటం కదా టీచర్’ అంటున్నారు. ‘కుదింపు’ అని మార్చేయనా?

జవాబు: వద్దమ్మా. కుదించాలంటే కుదించేవాళ్లు వేరే ఉండాలి. ఖర్చును మనం కుదిస్తాం, వ్యాసాన్ని కుదిస్తాం. ఇక్కడ పరమాణువును బయటినుంచి నొక్కేవాళ్లెవరూ లేరు. లాంథనైడ్లంటే ఆవర్తన పట్టికలో లాంథనం (పరమాణు సంఖ్య 57) నుంచి లుటీషియం (71) దాకా ఉన్న మూలకాల వరుస. ఆ వరుసలో మెట్టుకొక ప్రోటాన్ పెరుగుతుంది. వచ్చి చేరే ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ 4ఎఫ్ అనే లోపలి ఉపకక్ష్యలోకే వెళ్తాయి. కేంద్రకం లాగుడు బయటి ఎలక్ట్రాన్లకు తగలకుండా అడ్డుకోవడం వాటికి సరిగా చేతకాదు. అందుకని మొత్తం లోపలికి ముడుచుకుంటుంది. మూడు ధనావేశాల అయాన్ వ్యాసార్ధం లాంథనానికి 103 పికోమీటర్లుంటే, లుటీషియం దగ్గరికి వచ్చేసరికి 86కి దిగుతుంది. సంకోచం అంటే అసలు అర్థం ఈ ముడుచుకోవడమే. మొహమాటం అన్నది దాన్నించి వచ్చిన అర్థం. వేడికి వ్యాకోచం, చలికి సంకోచం అని పిల్లలకు ముందు గుర్తుచేయండి, తికమక పోతుంది.

ఉదాహరణకు దూరం వెళ్లక్కర్లేదు. మీ పక్కనే ఛత్రపురం ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజం ఉంది కదా. జిర్కాన్ ఎక్కడ దొరికినా జిర్కోనియంతో పాటు కాస్త హాఫ్నియం ఉండి తీరుతుంది. ఆవర్తన పట్టికలో ఒకే గ్రూపులో, అంటే నిలువు వరుసలో, జిర్కోనియం కిందే హాఫ్నియం ఉంటుంది. గ్రూపులో కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుందని మనం చెబుతాం. కానీ ఈ రెండింటి నడుమ లాంథనైడ్ల సంకోచం జరిగిపోయింది కాబట్టి హాఫ్నియం పెరగలేదు, జిర్కోనియం సైజులోనే ఉండిపోయింది. బంధాలు కట్టే తీరు కూడా ఒకటే. నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే! ఇంత పోలిక ఉండబట్టే హాఫ్నియం 1923 దాకా దొరకలేదు. చివరికి కోపెన్‌హేగెన్‌లో కోస్టర్, హెవెషీ అనే శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో పట్టుకున్నారు. అణు రియాక్టర్ ఇంధన గొట్టాలకు మాత్రం ఈ రెండింటినీ విడదీయక తప్పదు. జిర్కోనియం న్యూట్రాన్లను పోనిస్తుంది, హాఫ్నియం మింగేస్తుంది.

ప్రశ్న: అయితే ‘కుంచించుకుపోవడం’ అనొచ్చా, మాస్టారూ?

జవాబు: నోటితో చెప్పేటప్పుడు హాయిగా అనండి, తనంతట తాను తగ్గడం అందులో ఉంది. బోర్డు మీద మాత్రం సంకోచమే రాయండి. రేపు తెలుగు అకాడమీ పుస్తకం పట్టుకున్నా, హిందీలో ‘సంకుచన్’ అని విన్నా ఆ పిల్లలు తడుముకోరు.