తాత గడియారం: పాలిష్ ముందా, ధర ముందా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో మా తాతగారి నిలువు గడియారం ఉంది, ఏడడుగులు. ఇల్లు అమ్మేస్తున్నాం, అన్నదమ్ములం ముగ్గురం పంచుకోవాలి. పాత సామాన్ల వ్యాపారి పదిహేను వేలన్నాడు. నెట్‌లో ఇలాంటిదే ఆరు లక్షలకు పెట్టారు. మా తమ్ముడు ముందు పాలిష్ చేయించి తర్వాత ధర కట్టిద్దామంటాడు. ఏం చేయమంటారు?

వరలక్ష్మి:
తమ్ముడి మాటే కరెక్ట్. పెళ్లిచూపులకి జిడ్డు మొహంతో కూర్చోబెడతామా? మా మామగారి టేకు బీరువా దుమ్ముతో ఉన్నప్పుడు ఎవరూ పలకలేదు. వార్నిష్ వేయించాక ఎగబడి కొన్నారు.

లోలకం:
బీరువా వేరు, ఇది వేరమ్మా. సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాను. పాత చెక్క మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ రంగు కోసమే సేకరించేవాళ్లు డబ్బులిస్తారు. ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. ఒకాయన డయల్ మీద అంకెలున్న వలయాన్ని చింతపండుతో తోమించి తెచ్చాడు. దాని మీద ఉండేది పల్చటి వెండి పూత. అది పోయి ఇత్తడి బయటపడింది. ఆయనకేమో తళతళలాడుతోందని సంతోషం.

గోదారిగట్టు గారూ, ముందు నాలుగు సంగతులు చూసి చెప్పండి. లోపల వేలాడే బరువు గుండ్లు ఎన్ని? తాళంచెవితో తిప్పాలా, గొలుసు లాగాలా? లోలకం ఎంత పొడుగు? డయల్ మీద ఏం రాసుంది? దాదాపు మీటరు లోలకం ఒక్కో ఊపుకి ఒక సెకను తీసుకుంటుంది. అసలు పెట్టె అంత ఎత్తుండేది అందుకే. ‘టెంపస్ ఫ్యూజిట్’ (లాటిన్‌లో ‘కాలం పరిగెడుతుంది’) అని రాసుంటే మాత్రం ఆశ తగ్గించుకోండి, చాలావరకు అవి ఇరవయ్యో శతాబ్దపు సరుకు.

లెస్టర్ తెలుగోడు:
ఆరు లక్షలన్నది అమ్మేవాడి కోరిక బ్రదర్, ఎవరో ఇచ్చిన ధర కాదు. టాంపియన్ లాంటి పేరున్న లండన్ పనివాళ్లవి లక్షల పౌండ్లు పలుకుతాయి, నిజమే. కానీ ఊళ్లలో చేసిన మామూలు రకాలు ఇక్కడ ఇంగ్లండ్ వేలంలో రెండు మూడు వందల పౌండ్లకు పోవడం నేనే చూశాను. ఇప్పటి ఇళ్లలో అంత ఎత్తువి పట్టవు.

వరలక్ష్మి:
అయినా లండన్ వేలానికి పంపితే పోలా?

లోలకం:
కుదరదమ్మా. వందేళ్లు దాటిందైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించకూడదు. ఇక్కడే అమ్ముకోవాలి. ధర కట్టించేటప్పుడు కూడా బీమాకా, అమ్మకానికా, పంపకానికా అన్నది ముందే చెప్పండి. బీమా కోసం కట్టేది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

గోదారిగట్టు:
చూశానండీ. రెండు గుండ్లు. తాళంచెవి, వారానికోసారి తిప్పాలి. రంగు వేసిన తెల్ల డయల్. లోలకం మీటరు కన్నా కాస్త ఎక్కువ. ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్’ అని ఉంది. ఒక అనుమానం. యంత్రం కూర్చున్న పలకకి పనికిరాని చిల్లులు రెండున్నాయి.

లోలకం:
రెండు గుండ్లంటే ఒకటి నడకకి, ఒకటి గంట కొట్టడానికి. మద్రాసు పేరు అమ్మిన కొట్టుది కావచ్చు, యంత్రం ఇంగ్లండ్‌ది అయ్యుండొచ్చు. అది తప్పు కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమిగూడి చూసే గడియారం మీదా కలకత్తా కుక్ అండ్ కెల్వీ పేరే. కానీ ఆ చిల్లులే నచ్చలేదు నాకు. పాత యంత్రం తీసేసి వేరేది బిగించినట్టుంది. ఇంగ్లండ్ వ్యాపారులు దీన్ని ‘పెళ్లి’ అంటారు. ధర బాగా పడిపోతుంది.

వరలక్ష్మి:
జాతకాలు కలవని పెళ్లన్నమాట! ఎలాగూ అతుకుల సంసారమే అయితే ఇక పాలిష్ వేయిస్తే పోయేదేముంది మాస్టారూ?

లోలకం:
పోయేది తక్కువే, ఒప్పుకుంటాను. అయినా పెట్టె ఒక్కటీ పాతదైతే దానికీ ఓ ధర ఉంటుంది. యంత్రం విప్పి చూసేవరకు చెక్క జోలికి వెళ్లొద్దనే అంటాను. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు.

గోదారిగట్టు:
ఇది మా తమ్ముడికి చదివి వినిపించాను. వార్నిష్ డబ్బా నిన్ననే కొనేశాడట, కొట్టువాడు వెనక్కి తీసుకోడట.