కొత్త నాటకానికి డబ్బు ఎప్పుడివ్వాలి: రాస్తున్నప్పుడా, గెలిచాకా?

తెరచాటు:
నాటక పోటీలు నడిపే పరిషత్తులకు దండం పెట్టే చెబుతున్నాను. పోటీల వల్ల నాటికలు పుడుతున్నాయి కానీ ఎదగడం లేదు. మన దగ్గర డబ్బంతా నాటకం తయారయ్యాకే వస్తుంది. ప్రదర్శన పారితోషికమైనా, బహుమతైనా, 1998లో ప్రభుత్వం నాటకాలకు మొదలుపెట్టిన నంది బహుమతులైనా అంతే. రచయిత మొదటి ప్రతి రాసి, నలుగురు నటుల చేత చదివించుకుని, ఫలానా సీను నడవడం లేదని తెలుసుకుని మళ్లీ రాసుకునే ఆ రెండు మూడు నెలలకు పైసా ఇచ్చే దిక్కు లేదు. బహుమతుల సొమ్ములో సగమైనా అటు మళ్లించాలని నా వాదన. మీరేమంటారు?

పరిషత్ కార్యకర్త:
ఆ సగం ఎక్కడుందండీ? చందాకు వెళ్తే మా ఊరి రైస్ మిల్లు ఆసామి ముందు అడిగేది ఫ్లెక్సీ మీద తన ఫొటో ఎంత సైజులో వేస్తారని. ఎవరూ చూడని మొదటి ప్రతికి డబ్బివ్వమంటే ఇస్తాడా? పైగా పోటీ ఉండబట్టే ఏటా కొత్త స్క్రిప్టులు వస్తున్నాయి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టిన దగ్గర్నుంచి మన నాటకాన్ని మోసింది ఈ పోటీలే. తీసేయండి, పాత పద్యనాటకాలు తప్ప ఏం మిగులుతాయో చూద్దాం.

బొంకులదిబ్బ:
కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో ఆగలేదు. 1909 నాటికి దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇవాళ మనం చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. అంతకాలం ఆయనకు సంస్థానంలో కొలువుంది, తిండికి వెతుక్కోలేదు. మొదటిదానికే ప్రథమ బహుమతి ఇచ్చి, శాలువా కప్పి పంపించేసి ఉంటే?

పరిషత్ కార్యకర్త:
సంస్థానాలు పోయి చాలా కాలమైంది సార్.

లింగంపల్లి లోకల్:
సంస్థానం లేకపోతే ప్రభుత్వం ఉంది కదా. కర్ణాటక ప్రభుత్వం 1989లో మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థ పెట్టి, దర్శకుడు బి.వి. కారంత్ చేతికిచ్చి, నటులకు జీతాలిచ్చింది. జీతమొచ్చే నటుడు కుదరని సీను మీద వారం రోజులైనా కూర్చుంటాడు. అదే కారంత్ మన సురభి వాళ్లతో పనిచేస్తే ‘బస్తీ దేవత యాదమ్మ’ వచ్చింది. మాయాబజార్ ట్రిక్కులకు పేరుపడ్డ కుటుంబాలు జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ కథను బస్తీలోకి దించాయి. అది పోటీ కోసం చేసింది కాదు. అయితే ప్రభుత్వం అంటే ఫైలు కదలాలి, అది నేనూ ఒప్పుకుంటాను.

రంగమ్మత్త:
నేను పరిషత్ నాటికల్లో వేస్తాను. మగవాళ్లంతా రచయిత గురించే మాట్లాడుతున్నారు, కాస్త మా సంగతీ వినండి. సీజన్‌లో మూడు నాలుగు నాటక సమాజాలకు వేస్తేనే నాకు గిట్టుబాటు. స్క్రిప్టు వాట్సాప్‌లో వస్తుంది, రిహార్సల్స్ నాలుగో ఐదో. రెండో లేడీ ఆర్టిస్టుకు డబ్బులు, దారి ఖర్చులు ఇవ్వలేక నాటికలో ఒక్క ఆడపాత్రే పెడతారు. అందుకే మన నాటికల్లో అమ్మ ఎప్పుడూ చచ్చిపోయి, దండ వేసిన ఫొటోలో ఉంటుంది! కథ రాస్తున్నది బడ్జెట్టే. తెరచాటు గారూ, రచయితకు ఇప్పించండి, సంతోషం. మరి ఆయన ప్రతి చదివి పెట్టే రోజులకు మాకెవరిస్తారు?

తెరచాటు:
నిజమే అమ్మా, అది నా లెక్కలో లేదు. సరే, ఇలా చేస్తే? పది నాటికలు పిలిచే పరిషత్తు ఎనిమిదే పిలవాలి. మిగిలిన రెండింటి పారితోషికంతో, ఆఖరి రోజు పొద్దున అదే వేదిక మీద ఒక కొత్త ప్రతిని చదివించాలి. సెట్టు, మేకప్ అక్కర్లేదు. చదివినవాళ్లకూ రాసినవాళ్లకూ ఆ డబ్బు పంచాలి. న్యాయనిర్ణేతలు ఎలాగూ ఊళ్లోనే ఉంటారు, మార్కులు వేయకుండా ఎక్కడ విసుగొచ్చిందో చెబితే చాలు. మరుసటి ఏడు ఆ నాటికను పోటీలోకి నేరుగా తీసుకోవాలి.

పరిషత్ కార్యకర్త:
ఏ రెండు సమాజాలకు ఫోన్ చేసి రావద్దని చెప్పమంటారు? ఆ ఫోన్ మీరు చేస్తారా? నాటికలు తగ్గించను. కావాలంటే హాలు పొద్దుట ఖాళీగానే ఉంటుంది, భోజనాలు ఎటూ పెడుతున్నాం, చదువుకోండి.

రంగమ్మత్త:
అంటే మళ్లీ ఉచితంగానే అన్నమాట.