కట్టుడు పళ్ళ సెట్టు ఇచ్చేటప్పుడు పేషెంటు చేతికి ఏం రాసివ్వాలి?

పల్లె_క్లినిక్ (ప్రశ్న)
మా దగ్గర ఫుల్ సెట్టు కట్టించుకునేవాళ్ళు దాదాపు అందరూ అరవై దాటినవాళ్ళే. "రోజూ కడుక్కోండి" అంటే తలూపుతారు. ఏడాది తర్వాత చూస్తే నలుగురికీ కనబడే ముందువైపు తళతళలాడుతుంటుంది, అంగిలికి ఆనే లోపలివైపు పాచి పేరుకుని ఉంటుంది. సెట్టు తీస్తే దాని అచ్చు దిగినట్టు అంగిలి ఎర్రగా. "నొప్పేం లేదు కదండీ" అంటారు. ఒక్క కాగితం మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిద్దామనుకుంటున్నాం. ఏం రాయాలి, ఏం వదిలేయాలి? సెట్టు నానబెట్టే హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రవం) లెక్క కూడా చెప్పండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ప్రాస్తో_గది
మొదటి వాక్యం "రాత్రి తీసి పడుకోండి" అని పెట్టండి. మిగతావన్నీ దాని కిందే. సెట్టు అతుక్కుని ఉన్నంతసేపూ అంగిలి మీదికి లాలాజలం పారదు, నాలుక తగలదు. కాండిడా ఫంగస్‌కి అంతకన్నా మంచి చోటు దొరకదు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చిగుళ్ళకి గాలి తగలాలి. జపాన్‌లో 85 ఏళ్ళు, ఆ పైబడిన 524 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. సెట్టుతోనే నిద్రపోయేవాళ్ళలో న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా తేలింది. పిల్లలకి ఈ మాట చెబితే ఇంట్లో పెద్దవాళ్ళ చేత వాళ్ళే తీయిస్తారు.

పళ్ళు పీకిన రోజే పెట్టే ఇమ్మీడియట్ సెట్టుకి మాత్రం ఇది వర్తించదు. మొదటి 24 గంటలు తీయకూడదు. తీస్తే వాపు వచ్చి మళ్ళీ ఎక్కదు. వాళ్ళకి వేరే కాగితం ఇవ్వండి.

కడిగే పద్ధతి: బేసిన్ అడుగున తువ్వాలు మడిచి పరిచి సగానికి నీళ్ళు పోయాలి. సబ్బు రాసిన సెట్టు చేపలా జారుతుంది. కింది సెట్టు గుర్రపు లాడంలా ఉంటుంది కదా, రెండు కొసలూ పిడికిట్లో బిగిస్తే మధ్యకి విరుగుతుంది. ఒక పక్కనే పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో ముందు లోపలివైపు, ఆ తర్వాతే పళ్ళు. చేతులు కడుక్కునే సబ్బు గానీ గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గానీ చాలు. తిన్న ప్రతిసారీ నీళ్ళతో కడగడం, రాత్రి పడుకోబోయే ముందు బ్రష్షుతో తోమడం. సెట్టు తీశాక అంగిలిని, చిగుళ్ళని, నాలుకని తడి గుడ్డతో తుడవాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

హైపో 0.5 శాతం, పది నిమిషాలు, వారానికోసారి. సీసా మీద 4 శాతం అని ఉంటే 25 మి.లీ.కి 175 మి.లీ. నీళ్ళు. 5 శాతమైతే 20కి 180. 3 శాతమైతే ఒక వంతుకి ఐదు వంతుల నీళ్ళు. శాతం రాయని సీసా, సువాసన కలిపిన రకం వద్దు. తీశాక కొళాయి కింద బాగా కడగాలి.

మైనం_పని (ల్యాబ్)
హైపో సంగతి అందరి కాగితంలోనూ పెట్టకండి. క్రోమ్ కోబాల్ట్ లోహపు ఫ్రేము, తీగ క్లాస్పులు (కొక్కేలు) ఉండి కొన్ని పళ్ళకే కట్టే పార్షియల్‌ని అందులో వేస్తే లోహం నల్లబడి గుంటలు పడుతుంది. సాఫ్ట్ లైనర్ (సెట్టు లోపలివైపు వేసే మెత్తటి పొర) గట్టిపడి పెచ్చులూడుతుంది. ఫుల్ యాక్రిలిక్ (ప్లాస్టిక్) సెట్టు వాళ్ళకి చేత్తో రాసివ్వండి, చాలు.

టూత్‌పేస్టు, పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు ఏవీ వద్దు. యాక్రిలిక్ పంటి ఎనామిల్ కంటే చాలా మెత్తన. పేస్టులోని గరుకు పొడి సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే పాచి, ఫంగస్ పట్టుకుంటాయి. వేడినీళ్ళలో మరిగిస్తే శుభ్రమవుతుందని చాలామంది నమ్మకం. మరిగిన సెట్టు వంకర తిరుగుతుంది, మళ్ళీ కుదరదు.

గార పట్టేది రెండు చోట్ల: కింది సెట్టు ముందుపళ్ళ వెనక నాలుక వైపు, పై సెట్టు దవడపళ్ళ బయట బుగ్గ వైపు. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. లేత గారకి తెల్ల వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి అరగంట నానబెట్టి తోమితే వస్తుంది (ఇదీ లోహం లేని సెట్టుకే). ముదిరితే క్లినిక్‌లో అల్ట్రాసోనిక్‌కే వస్తుంది, బ్లేడుతో గీకొద్దు. వెనిగరు, హైపో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

విరిగితే ముక్కలన్నీ తెమ్మనండి. ఇంట్లో గమ్ముతో అతికిస్తే గీత కలవదు, మా దగ్గర సరిచేయడమూ కష్టమే.

పల్లె_క్లినిక్
ఫిజ్ వచ్చే టాబ్లెట్లు వేస్తే బ్రష్షు అక్కర్లేదా అని అడుగుతున్నారు.

ప్రాస్తో_గది
అక్కర్లేదనకండి. బుడగలు పాచిని వదులు చేస్తాయి, తోసేది బ్రష్షే. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ఒక టాబ్లెట్, పెట్టె మీద రాసినంతసేపు నానబెట్టి, తోమి, కడిగాకే నోట్లో పెట్టుకోవాలి. మతిమరుపు ఉన్నవాళ్ళు మాత్ర అనుకుని మింగేస్తారు, వాళ్ళ చేతికి అందనివ్వొద్దు. ఈ టాబ్లెట్లలో ఉండే పర్సల్ఫేట్ పడనివాళ్ళకి దద్దుర్లు, దగ్గు వస్తాయి.

ఇంకోటి. సెట్టు లోపలివైపు ప్లాక్ చూపించే రంగు దూదితో అద్ది కడిగి పేషెంటుకే చూపించండి. పాచి ఉన్నంత మేరా ఎర్రగా మిగులుతుంది. పది నిమిషాలు చెప్పినా రాని మార్పు దీంతో వస్తుంది.

అంగిలి_చూపు
ఎర్రబడ్డ అంగిలికి మందు ఒక్కటే రాసి పంపితే నెలలో మళ్ళీ వస్తారు. ఫంగస్ సెట్టులోనూ ఉంటుంది, రెంటికీ ఒకేసారి చేయాలి. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాసినా సెట్టు తీసే పూయమనండి. పెదవుల మూలలు పగిలితే షుగరు, రక్తహీనత, సెట్టు ఎత్తు తగ్గడం కూడా చూడాలి. ఇన్‌హేలరు వాడేవాళ్ళు పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగేవాళ్ళు, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునేవాళ్ళు వస్తే అంగిలి ఎరుపుని సెట్టు ఖాతాలో వేసేయకండి. తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, మానని పుండు ఉంటే బయాప్సీ ఆలోచించాలి. ఎవరికైనా సరే, సెట్టు తీసేసిన రెండు వారాలకి కూడా మానని పుండు ఉంటే ఆలస్యం చేయొద్దు.

హోమ్_నర్స్
కాగితం చివర ఒక లైను: "తీసిన సెట్టు మూత ఉన్న డబ్బాలో, చల్లటి నీళ్ళలో. రోజూ నీళ్ళు మార్చాలి." టిష్యూలో చుట్టి దిండు పక్కన పెడితే ఊడ్చేవాళ్ళు చెత్తలో వేసేస్తారు. ల్యాబ్‌వాళ్ళు పై సెట్టులో పేరు పొదిగి ఇస్తే వృద్ధాశ్రమాల్లో మార్పిడి గొడవ కూడా ఉండదు.