బోర్లో నీళ్లు పడని రైతుకు ప్రయోగశాల ఏమిచ్చింది?

ప్రశ్న: కామర్స్ సార్, అనంతపురం

నేను అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు కామర్స్ బోధిస్తాను. యంత్రాల గురించి నా జ్ఞానం స్కూటరుకు పెట్రోలు పోయించడంతో ముగుస్తుంది. పోయిన ఆదివారం కళ్యాణదుర్గం దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడు మా బావమరిదితో ఒక వాదన వచ్చింది. అతను రెండేళ్లలో నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింటికీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా నడిచిన ఒక పెద్దాయనే పాయింటు చూపించాడు. మూడింటిలో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. నాలుగోదానిలో పడిన నీళ్లు ఉగాది దాటకుండానే ఆగిపోయాయి.

టీవీలో రాకెట్ ప్రయోగం చూపిస్తుండగా అతను, "బావా, అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నాం, ఆ పన్నుతోనే ఈ ప్రయోగశాలలన్నీ నడుస్తున్నాయి, వాటి నుంచి నా ఇంట్లోకి వచ్చిన వస్తువు ఒక్కటి చూపించు" అన్నాడు. నేను జీపీఎస్ అన్నాను, ఇంటర్నెట్ అన్నాను. "అవి లేని కాలంలో మా నాయన దారి తప్పిపోయింది లేదు" అని తోసేశాడు.

నేను అడుగుతున్నది ప్రభుత్వ పథకాల గురించి కాదు, ప్రభుత్వ ధనంతో జరిగిన ఇంజనీరింగ్ పరిశోధన గురించి. అది మన దేశంలో జరిగినా, పరాయి దేశంలో జరిగినా ఫరవాలేదు. కానీ ప్రయోగశాల నుంచి మన పల్లె ఇంటి గడప దాకా వచ్చిన దారి తెగకుండా కనిపించాలి. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: నీటి పరీక్షల ఉద్యోగి, ధర్మవరం

సార్, ఆ వాదన మధ్యలో మీరిద్దరూ తాగిన నీళ్లు ఎక్కడివో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల క్యానువో, ఊళ్లోని ప్లాంటులో నాణెం వేసి పట్టుకొచ్చిన బిందెవో అయి ఉంటాయి. మన వైపు "ఫిల్టరు నీళ్లు" అని ఒక్క మాటలో తేల్చేసే వాటి వెనుక ఉన్నది ఆర్వో, అంటే నీటిని ఒత్తిడితో పలుచని పొర గుండా తోసి ఉప్పును వేరుచేసే పద్ధతి. మీ బావమరిది అడిగిన వస్తువు ఆయన వంటింట్లోనే ఉంది.

ఉప్పునీటిని చవకగా మంచినీరు చేసే పద్ధతుల కోసం అమెరికా ప్రభుత్వం 1952లో ఒక చట్టం చేసి, దాని కింద పరిశోధనకు నిధులివ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్ అనే పదార్థంతో చేసిన పలుచని పొర ఉప్పును ఆపగలదని నిరూపించింది. పొర ఉప్పును ఆపింది గానీ నీటిని కూడా దాదాపు ఆపేసింది. చుక్క చుక్కగా దిగే ఆ నీటితో బిందె నిండడం అయ్యే పని కాదు. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ ఈ చిక్కును విప్పారు. వారు పరీక్షించిన పొరను ఒక వైపు తిప్పి పెడితే బాగా పనిచేసేది, రెండో వైపు తిప్పితే చేసేది కాదు. అలా ఎందుకవుతోందని వెంటపడితే, పొరకు రెండు ముఖాలూ ఒకే రకంగా ఉండవనీ, అతి పలుచని దట్టమైన తొక్క ఒకటి ఉప్పును ఆపుతుంటే దాని కింది స్పంజిలాంటి మందపు భాగం దానికి ఆసరాగా మాత్రమే ఉంటుందనీ తేలింది. ఆ నిర్మాణాన్ని కావాలని తయారుచేయడం నేర్చుకున్న తరువాత నీటి ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది.

1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరిలో ఈ పొరలతో ప్లాంటు పెట్టారు. ఆ ఊరి భూగర్భజలం ఉప్పన. ఒకప్పుడు తాగునీటిని రైలులో తెప్పించుకునేవారు. మన ఊళ్ల కథలాగే లేదూ? ఇప్పుడు మన ప్లాంట్లలో గొట్టాల్లో చుట్టి పెట్టే పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్ పొర అంతకంటే మెరుగైనది. దాన్ని 1970లలో జాన్ కాడట్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త రూపొందించాడు. ఆ పనికీ అమెరికా ప్రభుత్వపు కాంట్రాక్టు డబ్బే ఆధారం.

మనకు ఇది ఉప్పు మాట ఒక్కటే కాదు. పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. మన ప్రాంతంలో అంతకు మించిన బోర్లు నా చేతుల మీదుగానే చాలా పరీక్షకు వచ్చాయి. ఫ్లోరైడ్‌ను కాచి పోగొట్టలేము, గుడ్డలో వడగట్టి పోగొట్టలేము. ఆర్వో పొర దాన్ని చాలావరకు ఆపుతుంది. అయితే ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ప్లాంటువాళ్లు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపేది) ముంచి అంకె చూపించగానే నమ్మేయకండి, అందులో ఫ్లోరైడ్ ఎంతో ఆ మీటరు చెప్పదు.

జవాబు: డ్రిప్ డీలరు, ప్రొద్దుటూరు

పై సోదరుడు చెప్పినదాన్ని నేను కాదనడం లేదు, ఆ పొరలు (మెంబ్రేన్లు) నేనూ అమ్ముతాను. కానీ తూకం ఒకే వైపు వేస్తున్నారు, పనికొచ్చేవన్నీ ప్రభుత్వ ప్రయోగశాలల నుంచే రాలేదు. మన రైతుకు అన్నిటికంటే ఎక్కువ నీరు ఆదా చేసిన డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కలుగా నీరిచ్చే పద్ధతి) ఇజ్రాయెల్‌లో సిమ్హా బ్లాస్ అనే ఇంజనీరు ఆలోచన. 1965లో హాట్జెరిమ్ అనే సామూహిక వ్యవసాయ క్షేత్రం దాన్ని వ్యాపారంగా మొదలుపెట్టింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది ఒక టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో. పైగా మీరు చెప్పిన కాడట్ పొర మీద పేటెంటు చివరికి ఒక కంపెనీ చేతికే వెళ్లింది. డబ్బు ప్రజలది, లాభం కంపెనీది అయితే మాస్టారి బావమరిది కోపంలో తప్పేముంది? ఇంట్లో పెట్టుకునే చిన్న ఆర్వో యంత్రం మనం పట్టుకునే నీటికంటే ఎక్కువ నీటిని కాలువలోకి వదిలేస్తుందన్న సంగతి కూడా చెప్పాలి కదా. కరవు సీమలో అదేం చిన్న లోపం?

జవాబు: విశ్రాంత భూగర్భజల శాస్త్రజ్ఞుడు, కర్నూలు

డీలరు గారి చివరి మాట పూర్తిగా నిజం, డ్రిప్ మాటా నిజమే. పేటెంటు విషయంలో మాత్రం కథ అక్కడ ఆగలేదు. కాడట్ పొర తమదేనని కంపెనీ వేసిన దావాలో, ప్రభుత్వ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నప్పుడే ఆ ఆలోచన పుట్టింది కాబట్టి హక్కు ప్రభుత్వానిదేనని 1992లో అమెరికా అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. అలాంటి తగాదాయే లేని ఉదాహరణ మన బడి ముందరే ఉంది: బోరింగు, అంటే చేతిపంపు.

ఇప్పటి పిల్లలకు దాని విలువ తెలియకపోవచ్చు. 1960లలో పల్లెల్లో దిగిన పోత ఇనుప చేతిపంపులు ఒక్క ఇంటి వాడకానికి తయారైనవి కావడంతో, ఊరంతా పొద్దున్నుంచి రాత్రి దాకా కొడితే కొన్ని నెలల్లోనే చెడిపోయేవి. షోలాపూర్‌లో అప్పటికే వాడుకలో ఉన్న ఒక నమూనాను తీసుకొని, 1970లలో యునిసెఫ్, మద్రాసులోని ప్రభుత్వ మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, ప్రభుత్వ రంగ కర్మాగారం కలిసి ఇండియా మార్క్ టూ పంపును తీర్చిదిద్దాయి. పిడి ఇరుసులో బాల్ బేరింగులు పెట్టారు, కడ్డీ ఒరిగిపోకుండా నిటారుగా లేచి దిగేందుకు గొలుసు పెట్టారు, లోతైన బోర్ల మీద బిగించి కోయంబత్తూరు ప్రాంతపు ఊళ్ల జనం చేత నెలల తరబడి కొట్టించి పరీక్షించారు. దానికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు, అందుకే ఎందరో తయారీదారులు ఒకే కొలతలతో చేశారు, ఒక ఊరి పంపు వాషరు ఇంకో ఊరి పంపుకు సరిపోయింది. అదే పంపు ఆఫ్రికా దేశాలకూ వెళ్లింది. మాస్టారి అత్తగారు బోరింగు దగ్గర వరుసలో బిందె పెట్టకుండా పెరిగి ఉండరని నా నమ్మకం.

ఇక ఆ నాలుగు బోర్ల సంగతి. అనంతపురం జిల్లాలో చాలా భాగం కింద ఉన్నది గట్టి గ్రానైటు, నైస్ అనే చారల రాతి బండ. బండలో నీరు నిలవదు, బండ పగుళ్లలో నిలుస్తుంది. అక్కడక్కడ నేలలో నల్లరాతి గోడలాంటి డైకులు అడ్డంగా ఉంటాయి, నీరు ఒక పక్క నిలిచి రెండో పక్క ఎండిపోతుంది. పగుళ్లూ, డైకులూ నేల మీద నిలబడితే అంతగా తెలియవు గానీ ఉపగ్రహ చిత్రంలో గీతల్లాగా కనిపిస్తాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఆ చిత్రాలను ఆధారం చేసుకొని తాగునీటి మిషన్ కోసం 1:50,000 స్కేలులో భూగర్భజల పటాలు తయారుచేసింది. మీ బావమరిది టీవీలో చూసి విసుక్కున్న రాకెట్లు మోసుకెళ్లేవాటిలో అలాంటి చిత్రాలు తీసే ఉపగ్రహాలూ ఉంటాయి. అయితే ఆ స్కేలులో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. పటం ఏ వైపు వెతకాలో చెబుతుంది గానీ ఏ గట్టు పక్కన బోరు వేసే రిగ్గు నిలపాలో చెప్పదు. ఆ చోటు తేల్చుకోవడానికి నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే సర్వే చేయించాలి. అప్పటికీ నీళ్లు పడతాయని రాసివ్వలేం. చుట్టూ బోర్లు ఎక్కువైన చోట పగులు దొరికినా అందులో నీరు మిగిలి ఉండదు. ఇన్నేళ్లలో నేను పాయింటు ఇచ్చిన బోర్లూ కొన్ని ఎండినవే.

కామర్స్ సార్, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ ఫోనులో మా బావమరిదికి చదివి వినిపించాను. ఆర్వో కథ విని, "ఆ డబ్బు అమెరికావాళ్లది కదా" అన్నాడు. బోరింగు దగ్గర మాత్రం కాసేపు మాట్లాడలేదు. వాళ్ల అమ్మ చేతుల్లో కాయలు కాసింది ఆ పిడి మీదేనట. సోమవారం భూగర్భజల శాఖ కార్యాలయానికి వెళ్లి పటం చూస్తానన్నాడు. అయిదో బోరుకు సర్వే చేయించి, వాళ్లు చూపిన చోట కొబ్బరికాయ పెద్దాయనను కూడా ఒకసారి నడిపిస్తాడట. కర్నూలు సార్, ఆ సర్వే వర్షాలకు ముందు చేయించడం మంచిదా, తరువాతా?

విశ్రాంత భూగర్భజల శాస్త్రజ్ఞుడు, కర్నూలు

ఎండాకాలం చివర చేయించండి సార్. నీటిమట్టం అడుగంటినప్పుడు దొరికిన పాయింటునే కాస్త నమ్మవచ్చు. పెద్దాయన చార్జీ మాత్రం సర్వే చార్జీలో కలపకండి.