టేకు అడవిలో ఏరి కొట్టిన చెట్లను సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో పట్టేదెలా?

ఆదిలాబాద్ వైపు టేకు ఎక్కువున్న ఆకురాల్చే అడవి. చెట్లు ఎక్కడ కొట్టేస్తున్నారో వన సంరక్షణ సమితికి ఏటా పటం ఇవ్వాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో, సెంటినెల్-2 ఎల్2ఏ (గాలి ప్రభావం సవరించిన) చిత్రాలతో ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం సూచిక, తేడా తీస్తున్నాను.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చిత్రాలు పనికిరావు. టేకు మోడుగా ఉంటుంది, నేల మంట పాకిన చోటూ నరికిన చోటులాగే కనబడుతుంది. వానాకాలమంతా మబ్బు. అందుకే నవంబరు రెండో సగం చిత్రాలనే ఏటికేడు పోలుస్తున్నాను. చిత్రంతోనే వచ్చే ఎస్‌సీఎల్ అనే వర్గీకరణ పొరతో మబ్బులు, నీడలు తీసేశాను. 2022 జనవరి 25 తర్వాతి చిత్రాల్లో ప్రతి పిక్సెల్ విలువకూ అదనంగా కలిసి వచ్చే 1000 ఆఫ్‌సెట్‌ను కూడా తీసేశాకే లెక్క వేశాను. అది తీయకుండా పాత చిత్రాలతో పోలిస్తే అడవంతా ఒక్కసారిగా పలచబడ్డట్టు చూపిస్తుంది.

అయినా చిక్కు తీరలేదు. అర ఎకరం చదును చేస్తే దొరుకుతోంది గానీ, ఒకటి రెండు మానులు కొడితే 10 మీటర్ల పిక్సెల్‌లో తెలియడం లేదు. ఆ ఖాళీని కింది వెదురు, పొదలు పచ్చగా కప్పేస్తున్నాయి. ఎన్‌బీఆర్ అనే మరో సూచికకి (కాలిన చోట్లు పట్టేది) కావలసిన పరారుణ బ్యాండ్ 12 అసలే 20 మీటర్లది, ఇంకా మసక. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహపు వీహెచ్ సంకేతంలో గుట్టల వాలు వెంబడి తప్పుడు గుర్తులు. అలాంటివి నాలుగు పటంలో పడితే సమితి వాళ్లు వృథాగా కొండలెక్కాలి, ఆపైన పటాన్నే నమ్మరు.

ఇలాంటి అడవిలో విడిగా కొట్టిన చెట్లను ఉచిత చిత్రాలతో పట్టడానికి ఏ నెల, ఏ సూచిక, ఎంత కటాఫ్ పెడితే మీకు నేల మీద సరిపోయింది?